తవ్వేది కొండ, దొరికేది ఎలుక

బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రానికి విలువ కట్టేది కరెంటు బిల్లు. నమ్మకం మాత్రం ఎవరి చేతిలో యంత్రం ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ రెండూ గమనించని వారే ఎక్కువగా మునిగారు

నెలకు 10 శాతం రాబడి. 18 నెలల పాటు. చెల్లింపు రూపాయల్లో కాదు, బిట్‌కాయిన్లలోనే. 2015లో మొదలైన గెయిన్‌బిట్‌కాయిన్ పథకం జనానికి ఇచ్చిన హామీ ఇది. పథకాన్ని నడిపించిన అమిత్ భరద్వాజ్‌ది ఢిల్లీ. తెర మీద కనిపించిన సంస్థ సింగపూర్‌కు చెందిన వేరియబుల్‌టెక్. సభ్యులు చేయాల్సిన పని చాలా తేలిక. బిట్‌కాయిన్లు కొని సంస్థకు అప్పగిస్తే చాలు, ఎక్కడో దూరాన ఉన్న మైనింగ్ యంత్రాల సామర్థ్యంలో వారికి వాటా దక్కుతుంది. యంత్రాన్ని ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు, వేడి, చప్పుడు భరించనక్కర్లేదు. దీనికి పెట్టిన ముద్దు పేరు క్లౌడ్ మైనింగ్. మరో నలుగురిని చేర్పిస్తే కమీషన్ అదనం.

2017 వచ్చేసరికి కొత్త సభ్యుల రాక మందగించింది. ఇచ్చిన మాట ప్రకారం బిట్‌కాయిన్లు చెల్లించాల్సిన సంస్థ ఎంక్యాప్ అనే సొంత టోకెన్‌ను చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. బిట్‌కాయిన్ విలువతో దానికి పోలికే లేదు. 2018 ఏప్రిల్‌లో పుణె పోలీసులు భరద్వాజ్‌ను అరెస్టు చేశారు. ఆ తర్వాత బెయిలుపై బయటికొచ్చిన ఆయన 2022 జనవరిలో గుండెపోటుతో మరణించారు. వసూలు చేసిన బిట్‌కాయిన్ల విలువ 2017 నాటి లెక్కల్లోనే 6,600 కోట్ల రూపాయలని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ చెబుతోంది. వేర్వేరు రాష్ట్రాల్లో నమోదైన కేసులను సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. 2025 ఫిబ్రవరిలో సీబీఐ 60కి పైగా చోట్ల సోదాలు జరిపింది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ కథలో యంత్రాలు పూర్తిగా కట్టుకథ కాదు. భరద్వాజ్‌కు చెందిన జీబీమైనర్స్ అనే మైనింగ్ పూల్ 2016-17లో నిజంగానే బిట్‌కాయిన్ బ్లాకులు తవ్వింది. ఆ సంగతి బిట్‌కాయిన్ ఖాతా పుస్తకంలో ఎవరైనా చూడగలిగేలా నమోదైంది. అనుమానం వచ్చిన సభ్యుడు ఆరా తీసినా ‘యంత్రాలు ఉన్నాయి, తవ్వుతున్నాయి’ అన్న జవాబే దొరికేది. యంత్రం ఉండటం వేరు, ఇచ్చిన హామీని అది నిలబెట్టగలగడం వేరు. మోసం ఈ రెంటి మధ్య ఉన్న సందులోంచి దూరింది.

ఆ హామీ ఎందుకు అసాధ్యమో తెలుసుకోవడానికి గణితంలో పట్టా అక్కర్లేదు. మైనింగ్ ఒక లాటరీ లాంటిది. యంత్రం సెకనుకు కోట్లాను కోట్ల టికెట్లు ముద్రిస్తుంది. ఆ టికెట్లను హ్యాష్‌లంటారు. దాదాపు 10 నిమిషాలకో విజేత. బహుమతి మొత్తం ముందే ఖరారై ఉంటుంది, దాదాపు నాలుగేళ్లకోసారి సగానికి తగ్గుతుంది. ప్రపంచంలో ఎన్ని యంత్రాలు చేరినా బహుమతులు పెరగవు. టికెట్లు ఎక్కువైతే దాదాపు రెండు వారాలకోసారి లాటరీ నిబంధనలు దానంతటవే కఠినమవుతాయి. అంటే పక్కవాడు కొత్త యంత్రం కొన్న ప్రతిసారీ మన యంత్రం రాబడి కాస్త కరిగిపోతుంది.

ఇప్పుడు గెయిన్‌బిట్‌కాయిన్ కాలాన్ని చూడండి. 2016 మొదట్లో ప్రపంచంలోని బిట్‌కాయిన్ యంత్రాలన్నిటి శక్తి కలిపితే సుమారు ఒక ఎక్సాహాష్. 2017 ముగిసేసరికి అది 10 ఎక్సాహాష్‌లు దాటింది. మధ్యలో 2016 జులైలో బహుమతి 25 బిట్‌కాయిన్ల నుంచి 12.5కు పడిపోయింది. ఈ రెండు లెక్కలూ కలిపితే 2016 జనవరిలో కొన్న యంత్రం రెండేళ్లు తిరిగేసరికి మొదట్లో తవ్విన దాంట్లో 20వ వంతు కూడా తవ్వలేదు. నెలనెలా తరుగుతూ పోయే యంత్రం మీద నెలనెలా మారని చెల్లింపు. రూపాయల్లో అయితే బిట్‌కాయిన్ ధర పెరిగి గట్టెక్కించవచ్చన్న ఆశైనా ఉండేది. బిట్‌కాయిన్లలోనే ఇస్తామన్నప్పుడు ఆ దారి కూడా లేదు. హామీ పత్రంలోనే మోసానికి సాక్ష్యం ఉంది.

ఇదేమీ మనకే ప్రత్యేకం కాదు. 2019 డిసెంబరులో అమెరికాలోని న్యూజెర్సీ ప్రాసిక్యూటర్లు బిట్‌క్లబ్ నెట్‌వర్క్ అనే సంస్థ నిర్వాహకులపై అభియోగాలు మోపారు. మైనింగ్ వాటాల పేరిట వసూలైన మొత్తం కనీసం 72.2 కోట్ల డాలర్లని వారి ఆరోపణ. సభ్యులకు చూపిన మైనింగ్ రాబడి అంకెలను మార్చినట్లు ఆ సంస్థ ప్రోగ్రామర్ 2020 జులైలో కోర్టు ముందు ఒప్పుకున్నాడు. యంత్రం కంటికి కనిపించనప్పుడు కొనుగోలుదారుకు మిగిలేది తెర మీది అంకె ఒక్కటే. ఆ అంకెను రాసేదీ అమ్మినవాడే.

సరే, వాటాలు వద్దు, యంత్రాన్నే కొని ఇంటికి తెచ్చుకుంటామనే వారి పరిస్థితేమిటి? అలాంటివారు మొదట చూడాల్సింది ధర చీటీ కాదు. ఒక టెరాహాష్‌కు ఆ యంత్రం ఎన్ని జౌళ్ల విద్యుత్తు తాగుతుందన్నది. ఇందులో గత 10 ఏళ్లలో వచ్చిన మార్పు అసాధారణమైనది. బిట్‌మెయిన్ సంస్థ 2016లో విడుదల చేసిన ఆంట్‌మైనర్ ఎస్9 టెరాహాష్‌కు సుమారు 98 జౌళ్లు తీసుకుంటుంది. 2020 నాటి ఎస్19 ప్రోకు 29.5 చాలు. 2023లో ప్రకటించిన ఎస్21కు 17.5. మూడూ బిట్‌కాయిన్‌నే తవ్వుతాయి, మూడూ దాదాపు ఒకేలా రొద పెడతాయి. కానీ విలువలో వాటి మధ్య హస్తిమశకాంతరం.

ఉదాహరణకు బిట్‌కాయిన్ ధర లక్ష డాలర్లు, డాలరు 85 రూపాయలు, నెట్‌వర్క్ మొత్తం శక్తి వెయ్యి ఎక్సాహాష్‌లు అనుకుందాం. వెయ్యి అన్నది గాలిలోంచి తెచ్చిన అంకె కాదు, 2025లో నెట్‌వర్క్ ఆ మైలురాయిని తాకింది. 2024 ఏప్రిల్ తర్వాత ఒక్కో బ్లాకుకు బహుమతి 3.125 బిట్‌కాయిన్లు కాబట్టి రోజుకు దాదాపు 450 బిట్‌కాయిన్లు పుడతాయి. లావాదేవీల రుసుము పక్కన పెడితే ఒక టెరాహాష్ వాటా రోజుకు 3 రూపాయల 80 పైసల చిల్లర. ఈ రాబడితో కరెంటు బిల్లు సరిపోవాలంటే ఎస్9 యజమానికి యూనిట్ రూపాయి 60 పైసలకు దొరకాలి. ఎస్19 ప్రోకు 5 రూపాయల 40 పైసలు. ఎస్21 ఒక్కటే 9 రూపాయల దాకా తట్టుకోగలదు. యూనిట్‌కు 8 రూపాయలు కట్టే ఊళ్లో ఎస్9ను తిప్పితే రోజుకు 250 రూపాయలకు పైగా కరెంటు కాల్చి 50 రూపాయలు తవ్వినట్లు. అదే యంత్రం చవక కరెంటు ఉన్న చోట ఇంకా ఊపిరి పీలుస్తుంటుంది.

చవక కరెంటు ఎక్కడుందంటే పొరుగునే. భూటాన్ ప్రభుత్వ పెట్టుబడుల సంస్థ డ్రుక్ హోల్డింగ్ తన జలవిద్యుత్తుతో బిట్‌కాయిన్ తవ్విస్తోంది. 2023 మేలో సింగపూర్‌కు చెందిన బిట్‌డీర్‌తో కలిసి ఆ పనిని విస్తరించింది. 2024 సెప్టెంబరు నాటికి ఆ చిన్న దేశం దగ్గర పోగైన బిట్‌కాయిన్లు సుమారు 13 వేలు. వేసవిలో నిండుగా పారే నదులున్న భూటాన్‌కు సైతం చలికాలంలో భారత్ నుంచి కరెంటు కొనక తప్పదు. మరి మీటరు తిరిగే మామూలు ఇంటివాడు ఆ నదులతో పోటీ పడుతున్నాడన్న మాట.

యంత్రం ధర కూడా స్థిరంగా ఉండదు. 2021 చివర్లో బిట్‌కాయిన్ ఉరకలెత్తినప్పుడు కొత్త తరం యంత్రాలు టెరాహాష్‌కు వంద డాలర్ల పైన పలికాయి. ఏడాది తిరిగేసరికి ఆ ధర 20 డాలర్ల చుట్టుపక్కలకు కూలింది. యంత్రం అదే, చిప్‌లు అవే. ఈ దెబ్బ తిన్నవారిలో లెక్కలు తెలిసినవారూ ఉన్నారు. 2022 నవంబరులో దివాలా తీసిన అమెరికా రుణ సంస్థ బ్లాక్‌ఫై సుమారు 68 వేల మైనింగ్ యంత్రాలను తాకట్టు పెట్టుకుని ఇచ్చిన 16 కోట్ల డాలర్ల అప్పులను అమ్మకానికి పెట్టింది. ఆ అప్పుల్లో కొన్నిటికి తాకట్టు విలువే చాలని స్థితి. బంగారం తాకట్టు పెట్టుకునే సేటు కూడా ఇంతకన్నా జాగ్రత్తగా ఉంటాడు.

కొత్త యంత్రానికి ఉన్న మరో గండం ఎప్పుడు చేతికొస్తుందన్నది. అమెరికాలోని కాన్సస్ కేంద్రంగా పనిచేసిన బటర్‌ఫ్లై ల్యాబ్స్ ఉదంతం ఇందుకు పాఠ్యపుస్తకం లాంటిది. 2012 జూన్‌లో ఆ సంస్థ ప్రత్యేక మైనింగ్ యంత్రాలు ప్రకటించి ముందస్తుగా డబ్బు తీసుకుంది. ధర 149 డాలర్ల నుంచి 29,899 డాలర్ల దాకా. గేదె నీళ్లలో ఉండగానే బేరం అన్నమాట. 2013 సెప్టెంబరు నాటికి డబ్బు కట్టినా యంత్రం అందని వారు 20 వేలకు పైనే ఉన్నారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కోర్టుకు చెప్పింది. తీరా చేతికొచ్చిన యంత్రాల్లో చాలావాటికి అప్పటికే కాలం చెల్లింది. కొనుగోలుదారుల యంత్రాలతో సంస్థే ముందు తనకోసం తవ్వుకుందన్నది మరో ఆరోపణ. 2016లో రాజీ కుదిరింది. 3.86 కోట్ల డాలర్ల తీర్పు వచ్చినా, చెల్లించే స్తోమత లేదంటూ సంస్థ కట్టాల్సినదాన్ని 15 వేల డాలర్లకు పరిమితం చేశారు.

ఆ చివరి ఆరోపణ ఈ వ్యాపారానికే పుట్టుకతో వచ్చిన చిక్కును ఎత్తి చూపుతుంది. కుట్టు మిషను తయారుచేసే కంపెనీ మన చొక్కాలు కుట్టుకోదు. మైనింగ్ యంత్రాలు తయారుచేసే కంపెనీ మాత్రం తన యంత్రంతో తానే తవ్వుకోగలదు. బిట్‌మెయిన్ సొంతంగా తవ్వేది, పూళ్లు నడిపేది, యంత్రాలూ అమ్మేది. అమ్మేవాడే పోటీదారు అయిన బజారులో ‘ఇది మంచి సమయం, కొనండి’ అన్న సలహాను ఎంతవరకు పట్టించుకోవాలో కొనేవాడే తేల్చుకోవాలి.

యంత్రం చేతికొచ్చాక కూడా అది పూర్తిగా మనదేనా? 2017 ఏప్రిల్‌లో బయటపడిన ‘ఆంట్‌బ్లీడ్’ ఈ ప్రశ్నను రేపింది. ఎస్9 సహా పలు ఆంట్‌మైనర్లలోని సాఫ్ట్‌వేర్ ఒకటి నుంచి 11 నిమిషాలకోసారి బిట్‌మెయిన్ సర్వర్‌ను పలకరిస్తోందని, సర్వర్ వద్దంటే తవ్వకం ఆగిపోతుందని తేలింది. యంత్రం దొంగతనానికి గురైతే యజమాని దూరం నుంచే ఆపేసేందుకు ఉద్దేశించి, సగంలో వదిలేసిన ఏర్పాటు అది అని కంపెనీ వివరణ ఇచ్చి, దాన్ని తొలగించిన కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. అప్పటికి ప్రపంచంలోని మైనింగ్ యంత్రాల్లో సింహభాగం ఆ కంపెనీవే. తాళం చెవి ఇంకొకరి దగ్గర కూడా ఉందని కొన్నవారెవరికీ తెలియదు.

పాత యంత్రాల బజారుకు అసలు ఊపు 2021లో వచ్చింది. 2019లో ప్రపంచ మైనింగ్‌లో నాలుగింట మూడు వంతులు జరిగిన చైనా, 2021 మే నుంచి తవ్వకాలను అణచివేసి, సెప్టెంబరులో పూర్తి నిషేధం విధించింది. లక్షల యంత్రాలు పెట్టెలకెక్కి దేశాలు దాటాయి. వాటిలో ఏది మంచిదో, ఏది చివరి శ్వాసలో ఉందో పైకి తెలియదు. ఎస్9లో మూడు బోర్డుల మీద 189 చిప్‌లుంటాయి. ఒక బోర్డు చచ్చినా యంత్రం తిరుగుతూనే ఉంటుంది, రాబడి మాత్రం మూడో వంతు పోతుంది. 2019 నాటి ఎస్17 శ్రేణిలో చిప్‌ల మీది హీట్‌సింక్‌లు ఊడిపోతున్నాయని విరివిగా ఫిర్యాదులు వచ్చాయి. అలాంటివాటికి దుమ్ము దులిపి, ఫ్యాన్లు మార్చి కొత్తవాటిలా నిలబెట్టడం పెద్ద పనేమీ కాదు.

అమ్మేవారు సాధారణంగా యంత్రం తెర మీది హ్యాష్‌రేట్‌ను వీడియో తీసి పంపుతారు. దాన్ని నమ్మడమంత తప్పు మరొకటి లేదు. ఆ అంకె యంత్రం తన గురించి తాను చెప్పుకునేది. సాఫ్ట్‌వేర్ మారిస్తే అంకె మారుతుంది. నిజమైన కొలత పూల్ దగ్గర ఉంటుంది. యంత్రం పంపిన సరైన లెక్కలను పూల్ స్వయంగా సరిచూసి, ఎంత పని జరిగిందో తేలుస్తుంది. యంత్రాన్ని కొనుగోలుదారు సొంత పూల్ ఖాతాకు కలిపి ఒక రోజంతా నడిపిస్తే దాని సత్తా బయటపడుతుంది. 10 నిమిషాల పరీక్ష చాలదు, అదృష్టం వల్ల అంకె అటూ ఇటూ ఊగుతుంది. గోడ దగ్గర మీటరు పెట్టి ఎంత కరెంటు లాగుతోందో చూడాలి. ఆ రెండు అంకెలనూ భాగిస్తే యంత్రం అసలు వయసు తెలిసిపోతుంది. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. పాత యంత్రంలో ఎవరో చొప్పించిన సాఫ్ట్‌వేర్ తవ్విన దాంట్లో కొంత వేరే ఖాతాకు మళ్లించే వీలుంది. ఈ పరీక్షకు ఒప్పుకోని విక్రేత దగ్గర బేరమే అనవసరం.

ఇన్ని వడపోతలు దాటిన మంచి యంత్రం కూడా భారత్‌లో మరో గోడను ఢీకొంటుంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో ఆస్తులపై ఆదాయానికి 30 శాతం పన్ను అమల్లోకి వచ్చింది. కొనుగోలు ఖర్చు తప్ప మరే ఖర్చునూ అందులోంచి మినహాయించనివ్వరు. మైనింగ్‌కు పెట్టిన మౌలిక సదుపాయాల ఖర్చు ఆ కొనుగోలు ఖర్చు కిందకు రాదని 2022 మార్చిలో ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి లోక్‌సభకు స్పష్టం చేశారు. మామూలు వ్యాపారికి యంత్రం తరుగుదల, కరెంటు బిల్లు ఖర్చు కింద పోతాయి. తవ్వేవాడికి ఆ వెసులుబాటు లేదు.

పైన చెప్పిన లెక్కనే కొనసాగిస్తే 200 టెరాహాష్‌ల ఎస్21 రోజుకు 765 రూపాయలు తవ్వుతుంది. 84 యూనిట్ల కరెంటుకు 8 రూపాయల చొప్పున 672 పోతాయి. మిగిలేది 93 రూపాయలు. తవ్విన నాణేన్ని అమ్మినప్పుడు పన్ను వేసేది ఆ 93 మీద కాదు, మొత్తం 765 మీద. అంటే దాదాపు 230 రూపాయలు. రోజు ముగిసేసరికి చేతి నుంచి పడేది 137 రూపాయలు. యంత్రానికి పెట్టిన డబ్బు ఈ లెక్కలోకి ఇంకా రానేలేదు.