రెండే దెబ్బలు... బోలెడు ఇంజినీరింగ్!

ఎర్ర చుక్క వస్తే డ్రమ్ము మధ్యలో కొట్టాలి. నీలం చుక్క వస్తే అంచు మీద కొట్టాలి. పెద్ద చుక్కయితే రెండు పుల్లలతో ఒకేసారి! ‘తైకో నో తత్సుజిన్’ గేమ్ రూల్స్ చిన్నపిల్లలకైనా నిమిషంలో అర్థమైపోతాయి. ఉద్యోగాల వేటలో ఉన్న మీరు మాత్రం దాన్ని ఇంకో కోణంలో చూడండి. మనం కొట్టిన దెబ్బ తెర మీదికి చేరేలోపు ఏం జరుగుతోంది? ఈ ప్రశ్న వెంట పడితే ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పుకోదగ్గ ప్రాజెక్టు మీ చేతికొస్తుంది.

తైకో అంటే జపాన్ సంప్రదాయ డ్రమ్ము. నామ్‌కో కంపెనీ 2001లో దీన్ని అక్కడి ఆర్కేడ్లలోకి తెచ్చింది. 2002లో ‘టాటాకాన్’ అనే చిన్న డ్రమ్ము కంట్రోలర్‌తో ప్లేస్టేషన్ 2కి వచ్చింది. ఇప్పుడు నింటెండో స్విచ్‌లో, పీసీలో కూడా ఆడుతున్నారు.

ఆట అంతా టైమింగే

పాట నడుస్తుంటే చుక్కలు కుడి నుంచి ఎడమకు వస్తాయి. అవి గుర్తు దగ్గరికి చేరిన క్షణానికి, మీ దెబ్బకు ఎంత తేడా ఉందో చూసి గేమ్ మార్కులేస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర మీద ఒక్కో ఫ్రేము ఉండేది దాదాపు 16.7 మిల్లీసెకన్లే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం అంతకు ఎన్నో రెట్లు ఆలస్యంగా వినిపించడం మామూలే. మీరు సరిగ్గా కొట్టినా గేమ్ తప్పంటుంది! అందుకే ఇలాంటి ఆటల్లో ఆలస్యాన్ని సరిచేసుకునే సెట్టింగ్ పెడతారు.

మీరే తయారుచేస్తే?

ఈసీఈ వాళ్లకు ఇది మంచి అవకాశం. నాలుగు పీజో డిస్కులు, ఒక ఆర్డ్యూనో లియొనార్డో బోర్డు చాలు. ఈ బోర్డు కంప్యూటర్‌కు కీబోర్డులా కనిపిస్తుంది కాబట్టి విడిగా డ్రైవర్ రాయక్కర్లేదు. మధ్య భాగంలో రెండు డిస్కులు, అంచున రెండు. గట్టి దెబ్బకు పీజో నుంచి ఎక్కువ వోల్టేజీ రావచ్చు. కాబట్టి రెసిస్టరు, జీనర్ డయోడు పెట్టి బోర్డును కాపాడుకోవాలి.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఒక్కసారి కొడితే పీజో చాలాసేపు కంపిస్తుంది. ఒక దెబ్బ నాలుగు దెబ్బల్లా నమోదవుతుంది. సరే, దెబ్బ పడ్డాక 100 మిల్లీసెకన్లు ఏదీ పట్టించుకోవద్దని కోడ్ రాశారనుకోండి. నిమిషానికి 200 బీట్ల పాటలో, బీటుకు నాలుగు చొప్పున దెబ్బలు పడితే మధ్య దూరం 75 మిల్లీసెకన్లే. ఒకే సెన్సర్ మీద అంత వేగంగా కొడితే దెబ్బలు మాయమైపోతాయి! ఇంకో చిక్కు... అంచున కొడితే మధ్య సెన్సర్ కూడా అదురుతుంది. రెండింటిలో ఏది నిజమో తేల్చాలి. ‘డిబౌన్స్’, ‘క్రాస్‌టాక్’ అని పుస్తకంలో చదివిన మాటలకు అర్థం అప్పుడు తెలుస్తుంది.

సీఎస్‌ఈ వాళ్లు హార్డ్‌వేర్ జోలికి పోనక్కర్లేదు. ‘ఓసు’ అనే ఉచిత గేమ్‌లో తైకో తరహా ఆట ఉంది. దాని సోర్స్ కోడ్ సీషార్ప్‌లో రాసి, గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు. దెబ్బ సరైనదో కాదో ఏ ఫంక్షన్ తేలుస్తోందో వెతకండి. పెద్ద ప్రాజెక్టు కోడ్ చదవడం ఉద్యోగంలో రోజూ చేసే పనే కదా!

కొలిచి చెప్పండి

కొన్న ప్రాజెక్టుతో వెళ్లినవాళ్లు ‘ఇలా ఎందుకు చేశావ్?’ అన్న రెండో ప్రశ్నకే తడబడతారు. మీ దగ్గర మాత్రం లెక్క ఉండాలి. ఫోన్‌ను సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో పెట్టి, డ్రమ్ము, తెర రెండూ కనిపించేలా వీడియో తీయండి. పుల్ల తగిలినప్పటి నుంచి తెర మారేదాకా ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక్కోటి దాదాపు 4.2 మిల్లీసెకన్లు. మార్పులు చేసే ముందు ఎంత, చేశాక ఎంత అని రాసిపెట్టుకోండి.

రెజ్యూమెలో ‘గేమ్ కంట్రోలర్ చేశాను’ అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. ఆలస్యం ఎంత నుంచి ఎంతకు తగ్గిందో, ఎలా తగ్గించారో రెండు లైన్లలో రాయండి. ఎంబెడెడ్ కంపెనీ అయినా, గేమ్ స్టూడియో అయినా మిమ్మల్ని అడగబోయే ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. దానికి జవాబు మీకు ముందే తెలిసి ఉంటుంది.