సగం కీలు ఇంట్లోనే తయారవుతుంది

మా అమ్మ నడక మారిన సంగతి మా వసారా గచ్చు మీద బయటపడింది. పాలకొల్లులో మా పెరటి పంపు దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికొస్తే తడి అడుగులు అచ్చు గుద్దినట్టు పడతాయి. ఆవిడ కుడి పాదం గుర్తు ఐదు వేళ్లతో నిండుగా ఉంది. ఎడమ పాదానిది మడమ, బయటి అంచు, చిటికెన వేలు, అంతే. బొటనవేలు ఉండాల్సిన చోట గచ్చు పొడిగా ఉంది. నొప్పెట్టే కీలు మీద బరువు పడకుండా పాదాన్ని బయటివైపుకి ఒరిగించి నడవడం ఆవిడకు తెలియకుండానే అలవాటైపోయింది. అడిగితే, "డెబ్బై దాటాయి కదరా, అలాగే ఉంటుంది" అంది.

ఎక్స్‌రే తీస్తే రెండెముకల మధ్య కనిపించాల్సిన సందు లేదు. కీలు పైన ముల్లులా ఎముక పెరిగి ఉంది. "గుజ్జు అరిగిపోయిందండి" అన్నారు డాక్టరు. మోకాలి గుజ్జు మాట ఏ అరుగు మీద కూర్చున్నా వినిపిస్తుంది. కాలి బొటనవేలి మొదట్లోనూ గుజ్జు ఉంటుందనీ, అదీ అరుగుతుందనీ, దానికీ కృత్రిమ కీలు వేస్తారనీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ జబ్బును 1887లో లండన్ సర్జన్ డేవిస్-కాలీ వర్ణించారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరో సర్జన్ కాటరిల్ దానికి 'హాలక్స్ రిజిడస్' అని పేరు పెట్టారు. బిగుసుకుపోయిన బొటనవేలు అని దాని అర్థం.

ఆ చిన్న కీలు ఎంత పని చేస్తుందో తెలియాలంటే చెప్పులు విప్పి నేల మీద నిలబడండి. పక్కనున్న వాళ్లను మీ బొటనవేలు మెల్లగా పైకి ఎత్తమనండి. వేలు లేచేకొద్దీ పాదం మధ్యలోని వంపు ఇంకా పైకి లేస్తుంది, పాదమంతా బిర్రుగా అవుతుంది. ఇదెలా జరుగుతుందో 1954లో బర్మింగ్‌హామ్‌లో హిక్స్ అనే డాక్టరు వివరించారు. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక బలమైన పట్టీ సాగి ఉంటుంది. అది చాంతాడు. బొటనవేలికి వెనక ఉన్న ఎముక గుండ్రటి తల గిలక. వేలు పైకి వంగగానే చాంతాడు గిలకకు చుట్టుకుని బిగుస్తుంది, మడమను ముందుకు లాగుతుంది. అంతసేపూ నేలను బట్టి ఒదిగిన మెత్తటి పాదం ఆ క్షణంలో గట్టి మీటగా మారి ఒంటిని ముందుకు తోస్తుంది. మన నూతుల మీద గిలకలు పోయి మోటార్లు వచ్చాయి గానీ పాదంలో గిలక అడుగడుగునా తిరుగుతూనే ఉంది. ఆ గిలక కింద బఠాణీ గింజంత ఎముకలు రెండున్నాయి. గ్రీకులో వాటికి నువ్వుల పేరు పెట్టారు. అవి కూడా చిన్న బేరింగుల్లా పనిచేస్తూ బరువు మోస్తాయి.

ఈ కీలును మన జీవితం వాడుకున్నంతగా బూట్ల జీవితం వాడుకోదనిపిస్తుంది నాకు. దింపు కార్మికుడు కాళ్లకు తాడు తగిలించుకుని కొబ్బరి చెట్టు ఎక్కుతుంటే పట్టంతా బొటనవేళ్ల దగ్గరే ఉంటుంది. నాట్లు వేసే ఆడవాళ్లు దమ్ము చేసిన చేలో వెనక్కి వెనక్కి జరుగుతూ బురదలోంచి కాలు లాగేది ఆ వేలి ఊతంతోనే. మడమలు లేపి గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టడం, నేల మీది పీట మీంచి లేవడం, గుళ్లో మోకాళ్ల మీద వంగి దండం పెట్టుకోవడం, వీటన్నిటికీ వేలు బాగా వెనక్కి వంగాలి. వంగాలి, వంగినప్పుడే బరువూ మోయాలి. ఈ రెండూ ఒకేసారి చేయగల యంత్రాన్ని కనిపెట్టడానికి సర్జన్లు, ఇంజినీర్లు డెబ్బై ఏళ్లుగా తంటాలు పడుతున్నారు.

అంతకుముందు సర్జన్లు కీలు చేయడం మాట అటుంచి, ఉన్న కీలునే తీసేశారు. 1894లో లండన్ సర్జన్ క్లటన్ రెండెముకలనూ ఏనుగు దంతపు మేకులతో కలిపి అతికించారు. కదలిక పోయింది, దాంతో నొప్పీ పోయింది. 1904లో అమెరికా సైనిక వైద్యుడు కెల్లర్ వేలి ఎముక మొదలును కోసేసి అక్కడ ఖాళీ వదిలేశారు. కదలిక మిగిలింది, వేలి బలం పోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కృత్రిమ కీలూ ఈ రెండింటికీ మధ్య దారి వెతుక్కుంటూ పుట్టిందే. అతికించే పద్ధతి మాత్రం మేకుల బదులు స్క్రూలు, ప్లేట్లతో ఈనాటికీ నిలిచి ఉంది.

1950ల నుంచి మిషిగన్‌లో చార్లెస్ టౌన్లీ వేలి ఎముక మొదలుకు లోహపు తొడుగు వేస్తూ వచ్చారు. అదే రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ ఊళ్లో ఆల్ఫ్రెడ్ స్వాన్సన్ ఇంకో దారి పట్టారు. కీళ్లవాతంతో వంకరపోయిన చేతివేళ్లకు ఆయన 1960ల్లో సిలికాన్ రబ్బరు కీళ్లు తయారుచేశారు. 1967 నాటికి అదే సిలికాన్‌ను కాలి బొటనవేలికి తెచ్చారు. మొదట ఒక కాడతో, వేలి ఎముకకు మాత్రమే. తర్వాత రెండు కాడలతో. మధ్యలో వంగే మడత, అటొక కాడ, ఇటొక కాడ, అంతా ఒకే ముక్క. కాడలు రెండెముకల మూలుగ గొట్టాల్లోకి దిగుతాయి.

స్వాన్సన్ ఆలోచనలో నన్ను కట్టిపడేసింది ఒకటుంది. ఆ కాడలను ఆయన సిమెంటుతో బిగించలేదు. వేలు వంగినప్పుడు అవి గొట్టంలో కొద్దిగా ముందుకీ వెనక్కీ జారాలనే ఉద్దేశంతో అలా వదిలేశారు. రబ్బరు ముక్కను ఆయన పూర్తి కీలుగా చూడలేదు, ఎముకల మధ్య దూరం నిలిపే అచ్చుగా చూశారు. ఒంట్లోకి ఏ పరాయి వస్తువు వెళ్లినా దాని చుట్టూ ఒళ్లు ఒక పొర అల్లుతుంది. ఆ పొరే రేపు కీలును పట్టి ఉంచే సంచి అవుతుంది. అల్లుకునే వారాల్లో వేలును సరైన దిశలో, సరైన మేరకు కదిలిస్తుంటే, చేను గట్టు మీద నడిచేకొద్దీ బాట పడ్డట్టు, ఆ పొరలోని నారలు అదే దిశలో సర్దుకుంటాయి. కదిలించకుండా వదిలేస్తే ముడుచుకుని బిగుస్తాయి. అంటే ఫ్యాక్టరీలో తయారయ్యేది సగం కీలే. మిగతా సగం ఆపరేషన్ అయ్యాక, ఇంట్లో, మంచం మీద, రోగి చేతుల్లో తయారవుతుంది.

సిలికాన్‌కు ఆయువు విషయంలో కష్టం వచ్చింది. హవాయి చెప్పు పట్టీ ఎక్కడ తెగుతుందో మనందరికీ తెలుసు, బెజ్జం అంచు ఒరుసుకునే చోట. సిలికాన్ కీలు కూడా ఎముక అంచు కోసుకునే చోట చిన్న గాటు పడి, లక్షల అడుగుల్లో ఆ గాటు పెద్దదై చిరుగుతుంది. రాలిన నలుసుల చుట్టూ వాపు వచ్చి ఎముకను తినేస్తుంది. 1970ల్లో చిరుగుకు మరింత తట్టుకునే సిలికాన్ వచ్చింది. 1980ల్లో ఎముక అంచు నేరుగా తగలకుండా కాడల మొదట్లో టైటానియం తొడుగులు పెట్టారు. దాంతో మెరుగుపడింది కానీ బరువైన పని చేసేవాళ్లకు, వయసులో ఉన్నవాళ్లకు ఈ కీలు వేయడానికి సర్జన్లు ఇప్పటికీ వెనకాడతారు.

లోహం మీద ప్లాస్టిక్ ఆనించిన రెండు భాగాల కీళ్లు, పింగాణీ కీళ్లు కూడా వచ్చాయి. తుంటికి, మోకాలికి అద్భుతంగా పనిచేసిన సూత్రమే ఇక్కడ వదులైపోయింది. ఇంత చిన్న ఎముకలో కాడకు పట్టు దొరికే చోటే తక్కువ. స్కాట్లండ్‌లో గిబ్సన్, థామ్సన్ అనే ఇద్దరు 63 మంది రోగుల 77 వేళ్లను తీసుకుని కొన్నిటికి ఎముకలు అతికించి, కొన్నిటికి కీలు మార్చి చూశారు. 2005లో ఫలితాలు వచ్చాయి. అతికించిన 38 వేళ్లూ చక్కగా అతుక్కున్నాయి. కీలు వేసిన 39లో ఆరింటికి వేలి వైపు ముక్క వదులై తీసేయాల్సి వచ్చింది. రెండేళ్ల తర్వాత నొప్పి తగ్గడంలోనూ అతికించినవే ముందున్నాయి.

ఆ తర్వాత వచ్చింది ముంజెలాంటి కీలు. అలా అనడానికి కారణముంది. లేత ముంజెను వేళ్ల మధ్య పట్టుకుంటే జారుతుంది, నొక్కితే లొంగుతుంది, వదిలితే మళ్లీ లేస్తుంది, దాన్లో ఎక్కువ భాగం నీరే. మన కీళ్లలోని గుజ్జు స్వభావం కూడా ఇంచుమించు అదే. కంటి చుక్కల మందుల్లో వాడే పాలివినైల్ ఆల్కహాల్‌ను నీటితో కలిపి గడ్డకట్టిస్తూ, కరిగిస్తూ పోతే అది అలాంటి గట్టి జెల్లీ అవుతుంది. అమెరికాలో జార్జియా టెక్ ఆచార్యుడు డేవిడ్ కూ పరిశోధన నుంచి వచ్చిన ఈ జెల్లీతో 8, 10 మిల్లీమీటర్ల వెడల్పు బిరడాలు చేశారు. ఎముక తలలో గుంట తొలిచి బిరడా దిగ్గొట్టడమే, పైన కొద్దిగా పొడుచుకు వచ్చేలా. కార్టివా అని పేరు. కెనడా, బ్రిటన్‌లలో జరిగిన పరీక్షలో ఎముక అతికించడంతో ఇంచుమించు సమానంగా నిలిచి, 2016 జులైలో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందింది. ఆ పరీక్షలోనే, బిరడా వేయించుకున్న 152 మందిలో 14 మందికి రెండేళ్లలో దాన్ని తీసి ఎముక అతికించాల్సి వచ్చింది. వాడకం పెరిగాక కష్టాలు ఇంకా ఎక్కువగా బయటపడ్డాయి. తడి నేలలో పాతిన గుంజలా బిరడా ఎముకలోకి దిగబడిపోయేది. 2024 అక్టోబరులో కంపెనీ దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. గుజ్జుకు గుజ్జులాంటిదే పెట్టాలన్న ఆలోచన తప్పని నేననుకోను. ఆ గుజ్జు కింద దాన్ని నిలబెట్టే ఎముక సంగతి అంతగా పట్టించుకోలేదు.

ఈ పరీక్షలన్నీ బూట్లు వేసుకునే, కుర్చీల్లో కూర్చునే జనం మధ్య జరిగినవి. మన నేలకు తగిన పరికరం మనమే చేసుకున్న సందర్భాలున్నాయి. 1968లో జైపూర్‌లో చేతిపనివాడు రామ్‌చంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి, చెప్పు లేకుండా నడవడానికీ గొంతుక్కూర్చోవడానికీ వీలైన కృత్రిమ పాదం తయారుచేశారు. మన హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, అబ్దుల్ కలాం బృందం అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేసిచ్చింది. బొటనవేలి కీలు కూడా ఇలాంటి చూపు కోసం ఎదురుచూస్తోంది. కొబ్బరి చెట్టు ఎక్కే కాలినీ, నాటు వేసే కాలినీ కొలిచి చేసిన కీలు ఇంకా రాలేదు.

డాక్టరు అమ్మకు దాచకుండా చెప్పారు. "ఎముక అతికిస్తే ఎక్కువకాలం నమ్మకంగా ఉంటుందండి, వేలు మాత్రం వంగదు. రబ్బరు కీలు వేస్తే కొంత వంగుతుంది, ఎప్పటికైనా అరగొచ్చు." వేలు అతికించేటప్పుడు కాస్త పైకి ఎత్తి ఉండేలా బిగిస్తారు, చెప్పులో ఇమడడానికి. అమ్మ మనిషి సన్నం, పొలం పనులు లేవు. ఆలోచించి, "నేల మీద కూర్చుని లేవాలి బాబూ, నాకు వంగేదే వెయ్యండి" అంది. ఆవిడ వయసుకీ, బరువుకీ సిలికాన్ కీలు సరిపోతుందని డాక్టరూ ఒప్పుకున్నారు.

ఆపరేషన్ అయ్యాక మొదటి వారం కాలు గుండెకంటే ఎత్తులో, మూడు దిళ్ల మీద. కాలు కిందికి దించితే రక్తం దిగి వేలు దడదడ కొట్టుకునేది. అడుగు వంగని గట్టి చెప్పు తొడుక్కుని, మడమ మీదే బరువు వేసి బాత్రూమ్ దాకా నడక. రెండో వారం చివర కుట్లు విప్పారు. అక్కడి నుంచి మొదలైంది అసలు తయారీ. ఎడమచేత్తో కీలుకు వెనక ఎముకను కదలకుండా పట్టుకోవాలి. కుడిచేత్తో వేలిని పైకి ఎత్తి పది లెక్కపెట్టాలి. రోజుకు మూడు విడతలు. మొదటి రోజుల్లో కళ్లలో నీళ్లు తిరిగేవి. పొర అల్లుకునేది ఈ వారాల్లోనే అని చెప్పాక ఒక్క పూట కూడా మానలేదు.

నెల దాటాక నేల మీద చింతపిక్కలు పోసి కాలివేళ్లతో ఏరి గిన్నెలో వేయమన్నారు. తొలిరోజు రెండు పడ్డాయి. బొటనవేలు పక్క వేలి దగ్గరికి రావడానికే మొరాయించింది. పాదం మొత్తం వణికేది. పిక్క పట్టు చిక్కి, జారి, మంచం కిందికి దొర్లేది. ఆరో వారానికి గిన్నెలో పన్నెండు. మామూలు చెప్పు ఎక్కింది కానీ సాయంత్రానికి వేలు ఉబ్బి పట్టీ ఒత్తుకునేది. వాపు మూడు నుంచి ఆరు నెలలుంటుందని, పూర్తిగా సర్దుకోవడానికి ఏడాది పడుతుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. మూడో నెలలో కోణం కొలిస్తే 35 డిగ్రీలు వచ్చింది. ఆపరేషన్‌కు ముందు పదిహేను.

కార్తీక సోమవారం తెల్లవారుజామున అమ్మ క్షీరారామం వెళ్తానంది. తొమ్మిదంతస్తుల గోపురం కింద, జనంలో, చెప్పుల్లేకుండా, రాతి పలకల మీద. నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. లింగం ఎదుట మోకాళ్ల మీద వంగలేదు, నిలబడే దండం పెట్టుకుంది. ఇంటికొచ్చి పంపు దగ్గర కాళ్లు కడుక్కుని వసారా మీదుగా వంటింట్లోకి వెళ్లింది. నేను వెనక నిలబడి గచ్చు చూశాను. ఎడమ పాదం గుర్తులో మడమ ఉంది, బయటి అంచు ఉంది, చిటికెన వేలు ఉంది. పైన, లోపలివైపు, పావలా కాసంత తడి మరక ఒకటి, మిగతా వేళ్లకంటే పలచగా, చూస్తుండగానే ఆరిపోతూ ఉంది.