కుట్టుపనికి తొలి పెట్టుబడి మిషన్ కాదు, చేతి పనిముట్లే

కుట్టు నేర్చుకోవాలని నిశ్చయించుకున్న వారికి మొదట గుర్తొచ్చేది కుట్టు మిషన్. ఏ కంపెనీది కొనాలి, కాలితో తొక్కేది మేలా, మోటారుతో నడిచేది మేలా అన్న చర్చతోనే ఆ ప్రయత్నం మొదలవుతుంది. అయితే ఒక జాకెట్టు తయారీని ఆది నుంచి గమనిస్తే వేరే విషయం తెలుస్తుంది. కొలతలు తీయడం, గుడ్డపై గుర్తులు పెట్టడం, కత్తిరించడం, పిన్నులతో ముక్కలను జతపరచడం మిషన్ ముందు కూర్చోకముందే పూర్తి కావాలి. మిషన్ దిగిన తర్వాత హుక్కులు, కాజాలు, అంచు మడతలు మళ్లీ చేతి వంతే. మిషన్ చేసేది వీటి మధ్య ఉన్న ఒక్క పని, ముక్కలను వేగంగా అతకడం.

తప్పుల విషయంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. మిషన్‌పై కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ వేయవచ్చు. కొలత తప్పి కత్తిరించిన గుడ్డను మాత్రం పూర్వస్థితికి తేలేరు. పొరుగువారి పట్టుచీరలోని జాకెట్టు గుడ్డను తొలిసారి చేతికి తీసుకున్న అభ్యాసకురాలికి ఆ ఒక్క తప్పు గుడ్డ ఖరీదుతో పాటు ఆమె సంపాదించుకోబోయే నమ్మకాన్నీ పోగొడుతుంది. అందువల్ల కత్తెర, సూది, టేపు, సుద్దల ఎంపికకు మిషన్ ఎంపిక కంటే ముందు స్థానం దక్కాలి.

యంత్రం వచ్చినా మారనిది

సూది మానవుడి అతి ప్రాచీన పనిముట్లలో ఒకటి. సింధు నాగరికత స్థలాల్లో రాగి, కంచు సూదులు బయల్పడ్డాయి. దానితో పోలిస్తే కుట్టు యంత్రం చాలా కొత్తది. ఫ్రాన్స్‌లో బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంట్ పొందాడు. అమెరికాలో ఇలియాస్ హోవే 1846లో, ఐజాక్ సింగర్ 1851లో పేటెంట్లు పొందారు. చేతి సూదికి దారం ఎక్కించే రంధ్రం వెనుక వైపు ఉంటే, మిషన్ సూదికి మొన దగ్గర ఉంటుంది. యంత్రపు కుట్టు సాధ్యపడటానికి ఈ మార్పు కీలకమైంది.

యంత్రాల పట్ల విముఖుడిగా పేరున్న మహాత్మా గాంధీ సైతం 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషన్‌ను మినహాయింపుగా పేర్కొన్నారు. భార్య చేతికుట్టుతో పడుతున్న శ్రమను చూసిన ప్రేమతోనే సింగర్ దానిని రూపొందించాడని ఆయన భావించారు. యంత్రం తగ్గించింది ఆ శ్రమనే. గుడ్డను ఎక్కడ, ఎంత కత్తిరించాలన్న నిర్ణయం నేటికీ మనిషిదే.

కత్తెర: మీరట్ నుంచి ఇంటి వరకు

దేశంలో కత్తెరలకు పేరుపడిన ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అక్కడి కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. పాత వాహనాల స్ప్రింగు పట్టీల వంటి తుక్కు ఉక్కును కాల్చి, సాగదీసి, సానపట్టి అక్కడి పనివారు అలుగులు తయారుచేస్తారు. తాత కొంటే మనవడు వాడతాడన్నది ఆ కత్తెరలపై ప్రచారంలో ఉన్న నానుడి. పదును తగ్గిన ప్రతిసారీ సానపట్టించుకోగలగడమే ఆ మన్నికకు కారణం.

గుడ్డ కత్తిరించడానికి 8 నుంచి 10 అంగుళాల కత్తెర అనువుగా ఉంటుంది. పిడి కాస్త పైకి వంగి ఉన్న రకమైతే కింది అలుగు బల్లపై ఆని సాగుతుంది. గుడ్డ పైకి లేవదు, గీత తప్పదు. కొనేముందు రెండు పొరల పలుచని గుడ్డను అలుగుల మొన వరకు కత్తిరించి చూడాలి. చివరన గుడ్డ నలిగి అలుగుల మధ్య ఇరుక్కుంటే ఆ కత్తెరను పక్కన పెట్టడమే మంచిది. ఎడమచేతి వాటం వారికి అలుగులు తారుమారుగా అమర్చిన కత్తెరలు వేరుగా దొరుకుతాయి. మామూలు కత్తెరను ఎడమ చేత్తో వాడితే గీత సరిగా కనబడదు, అలుగులు ఒకదాని నుంచి ఒకటి ఎడమవుతాయి.

గుడ్డ కత్తెరతో కాగితం కత్తిరించకూడదని దర్జీలు పట్టుబట్టడం వెనుక కారణం ఉంది. కాగితం తయారీలో కలిపే సుద్ద, బంకమన్ను వంటి ఖనిజ పదార్థాలు అంచును అరగదీస్తాయి. కాగితానికి ఒకటి, దారాలు తెంపడానికి చిన్నది ఒకటి వేరుగా ఉంచుకుంటే పెద్ద కత్తెర పదును ఎక్కువ కాలం నిలుస్తుంది.

సూది సంఖ్యల తికమక

కొత్తవారిని తికమకపెట్టే అంశం సూది సంఖ్య. చేతి సూదుల్లో సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మిషన్ సూదుల్లో సంఖ్య పెరిగేకొద్దీ సూది లావవుతుంది. మామూలు నూలు గుడ్డపై చేతికుట్టుకు 7 నుంచి 9 వరకు ఉన్న సూదులు సరిపోతాయి. మిషన్‌పై పలుచని గుడ్డలకు 11, మధ్యరకం నూలుకు 14, మందపాటి గుడ్డకు 16 వాడతారు. 14వ నంబరు సూది కాండం మందం 0.90 మిల్లీమీటర్లు, అందుకే కొన్ని పెట్టెలపై అదే సూదిని 90 అని కూడా ముద్రిస్తారు.

దారం ఎంత పొడవుంటే అంత మేలన్నది పొరపాటు అభిప్రాయం. సుమారు 18 అంగుళాలకు మించిన దారం చిక్కుపడుతుంది, గుడ్డలోంచి పదేపదే దూరి నలిగి తెగుతుంది. దారం కొనను ఏటవాలుగా కత్తిరిస్తే సూదిలోకి సులువుగా ఎక్కుతుంది. మందపాటి గుడ్డపై పని చేసేటప్పుడు సూది వెనుక భాగాన్ని నెట్టే వేలికి లోహపు తొడుగు పెట్టుకోవాలి. మొదట్లో అది అడ్డుగా తోచినా, నాలుగైదు రోజుల్లో వేలు అలవాటు పడుతుంది.

సూదుల విషయంలో భద్రత ముఖ్యం. పని మొదలుపెట్టినప్పుడు ఎన్ని సూదులు, పిన్నులు తీశారో ముగించేటప్పుడు అన్నింటినీ లెక్క చూసుకోవాలి. విరిగిన ముక్కలను మూత ఉన్న చిన్న డబ్బాలో వేయాలి. పసిపిల్లలు పాకే ఇళ్లలో ఈ నియమానికి మినహాయింపు ఉండరాదు. కిందపడిన సూదుల్ని ఏరడానికి ఒక చిన్న అయస్కాంతం చాలు.

కొలత, గుర్తు, ఇస్త్రీ

టేపు సాధారణంగా 60 అంగుళాలు ఉంటుంది. ఏళ్ల తరబడి వాడిన టేపు సాగిపోయే అవకాశం ఉంది కనుక అప్పుడప్పుడు దానిని గట్టి స్కేలుతో పోల్చి చూడాలి. ఒక దుస్తుకు మొదలు నుంచి చివర వరకు ఒకే టేపు వాడటం మంచి అలవాటు. గుర్తులకు బాల్‌పెన్ను వాడకూడదు. దాని మరక ఉతికినా పోకపోవచ్చు. దర్జీ సుద్దను సన్నగా చెక్కి, ముందుగా గుడ్డ ముక్క మీద గీసి, దులిపితే పోతుందో లేదో చూసుకోవాలి.

కుట్టు విప్పే చిన్న పరికరాన్ని సీమ్ రిప్పర్ అంటారు. దాని మొనను కుట్టు కింద దూర్చితే దారం మాత్రమే తెగుతుంది. బ్లేడుతో విప్పబోయి గుడ్డనే కోసుకునే ప్రమాదం దీనితో తగ్గుతుంది. ఇస్త్రీ పెట్టె కూడా కుట్టు పనిముట్టే. ప్రతి కుట్టునూ వేసిన వెంటనే ఇస్త్రీ చేసి అణిచితే తర్వాతి కుట్టు దానిపై సమంగా కూర్చుంటుంది.

గుడ్డను చదవడం

పనిముట్లు సిద్ధమైనా గుడ్డ స్వభావం తెలియకపోతే కత్తిరింపు కుదరదు. నేతగుడ్డలో పడుగు నిలువుగా, పేక అడ్డంగా సాగుతాయి. పడుగు దిశలో లాగితే గుడ్డ దాదాపు సాగదు, పేక దిశలో కొద్దిగా సాగుతుంది, ఏటవాలుగా లాగితే ఎక్కువ సాగుతుంది. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి అమరడానికి ఈ ఏటవాలు సాగుడే ఆధారం. దిశ చూడకుండా కత్తిరించిన ముక్కలతో కుట్టిన దుస్తులు రెండు ఉతుకులకే ఒక పక్కకు తిరిగిపోతాయి.

నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. అందుకే కత్తిరించే ముందే నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. ముదురు రంగు గుడ్డ ఏ మేరకు రంగు వదులుతుందో కూడా అప్పుడే తేలిపోతుంది. జాకెట్టు పక్క కుట్ల వద్ద కొంత అదనపు గుడ్డ వదిలితే, తర్వాత బిగుతైనా విప్పి వదులు చేసుకోవచ్చు.

తొలి పాఠం బొంత

ఈ పాఠాలన్నీ నేర్వడానికి కొత్త గుడ్డ కొనక్కర్లేదు. మెత్తబడిన పాత చీరలను పొరలుగా పరచి కుట్టే బొంత తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. బెంగాల్‌లో అదే పద్ధతి కాంథాగా ఎదిగి, ఇంటి వాడకం దాటి కళగా పేరు తెచ్చుకుంది. అక్కడి స్త్రీలు పాత చీరల అంచుల నుంచే రంగు దారాలు లాగి, సూది కిందికీ పైకీ పోయే అతి సరళమైన కుట్టుతో పూలు, పక్షులు, పడవలు కుట్టారు. సరిహద్దుకు అవతల బంగ్లాదేశ్‌లోనూ ఈ కళ సజీవంగా ఉంది.

చేతికి నాలుగు కుట్లు వస్తే ఇంటి అవసరాలు చాలా వరకు తీరుతాయి. పొరలను తాత్కాలికంగా కలిపి ఉంచేది కచ్చా కుట్టు. ప్రతిసారీ కొంత వెనక్కి వచ్చి ముందుకు పోయే బఖియా కుట్టు గట్టిగా నిలుస్తుంది. పైకి కనబడకుండా అంచును మడిచి పట్టేది హెమ్మింగ్. కోసిన అంచు పోగులు ఊడకుండా దారంతో చుట్టేది కాజా. దిండు గలీబు, చేతిసంచి, చిన్నపిల్లల బొంత అనే వరుసలో సాగితే నాలుగూ అభ్యాసమవుతాయి. గలీబు నేరు గీతలను నేర్పుతుంది, సంచి మూలల పనిని నేర్పుతుంది, బొంత ఓర్పును నేర్పుతుంది. పొరపాటు జరిగినా పోయేది పాతగుడ్డే.

ఒకే పనిముట్టుతో ఒక వృత్తి

చేతి పనిముట్టు ఎంత దూరం తీసుకెళ్లగలదో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చూపుతుంది. అక్కడి లేసు అల్లికకు కావలసింది కొక్కెం ఉన్న ఒక సన్నని క్రోషే సూది, నూలు దారం మాత్రమే. ఒక ముడిలోంచి మరో ముడిని లాగుతూ అల్లే ఈ పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి చేరి, ఎగుమతి పరిశ్రమగా ఎదిగింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

జాకెట్లపై నేడు విరివిగా కనిపించే మగ్గం వర్కుకు కూడా ఆధారం కొక్కెం సూదే. గుడ్డను చట్రానికి బిగువుగా కట్టి, పైనుంచి సూది దించి, కింద ఉన్న దారాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగుతారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లోని లంబాడీ స్త్రీలు అద్దాలు, గవ్వలు, నాణేలు పొదిగే కుట్టుకు మామూలు సూది చాలు.

శిక్షణ, సాయం ఎక్కడ

బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల్లో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు గ్రామీణ యువతకు దర్జీ పనిలో ఉచిత శిక్షణ ఇస్తాయి. పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో కుట్టు సాంకేతికత ఏడాది కోర్సుగా ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబర్ 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. నమోదైన వారికి శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్ల కోసం రూ.15,000 వరకు సాయం, ఆపై 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు రుణం అందించడం దీని ఉద్దేశం. ఈ పథకం ఇప్పటికే చేతులతో ఆ వృత్తి చేస్తున్న వారి కోసం ఉద్దేశించినది. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. అంటే పని నేర్చుకోవడం ముందు, దరఖాస్తు తర్వాత.

గంటల లెక్క

నేర్చుకున్న పనికి ధర కట్టే దగ్గర మరో పాఠం ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ నరసాపురం లేసు కార్మికులపై చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వెలువడింది. ఇంట్లో కూర్చుని అల్లే స్త్రీలను కార్మికులుగా గాక, తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులుగా చూసినందువల్లే వారి కూలి అతి తక్కువగా ఉండిపోయిందని ఆమె తేల్చారు. వారి అల్లికలు మాత్రం విదేశీ మార్కెట్లకు చేరేవి.

ఇంటి నుంచి కుట్టుపని మొదలుపెట్టేవారికి నేటికీ ఇదే చిక్కు ఎదురవుతుంది. దారం, హుక్కులు, లైనింగు గుడ్డ ఖర్చు లెక్కలోకి వస్తుంది. హెమ్మింగుకు, కాజాలకు, కొలతలు సరిచూడటానికి పట్టిన సమయం రాదు. దీనికి విరుగుడు ఒక చిన్న నోటు పుస్తకం. ప్రతి పనికీ మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, వాడిన సరుకు రాసుకుంటే నెల తిరిగేసరికి ఏ పనికి ఎంత అడగాలో స్పష్టమవుతుంది. కత్తెర, సూదులు, టేపు, సుద్ద, సీమ్ రిప్పర్‌లతో పాటు ఆ పుస్తకానికీ కుట్టు పెట్టెలో చోటు ఉండాలి. మిషన్ కొనాల్సిన రోజు ఎప్పుడు వచ్చిందో కూడా అందులోని లెక్కలే చెబుతాయి.