మురుగునీరు అడ్డదారి పడితే...

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అక్కడ వాడుతున్నది యూఏఎస్‌బీ పద్ధతి. ఇందులో నీరు రియాక్టర్ అడుగు నుంచి పైకి చాలా నెమ్మదిగా, సాధారణంగా గంటకు మీటరు మించని వేగంతో కదులుతుంది. దారిలోని బురద పొరలో ఉన్న సూక్ష్మజీవులు ఆక్సిజన్ లేకుండానే వ్యర్థాలను తిని మీథేన్‌ను విడుదల చేస్తాయి.

ఇలాంటి రియాక్టర్లలో నీరు దాదాపు 8 గంటలు ఉండేలా చూస్తారు. కానీ అది సగటు లెక్క. కొంత నీరు అడ్డదారిన ముందే బయటపడవచ్చు, మరికొంత మూలల్లో నిలిచిపోవచ్చు. బయటి నుంచి చూస్తే ఇవేవీ కనిపించవు.

అందుకే కంప్యూటర్ సిమ్యులేషన్. రియాక్టర్‌ను లక్షల చిన్న గడులుగా విభజించి, ఒక్కో గడిలో నీటి వేగాన్ని, పీడనాన్ని నేవియర్-స్టోక్స్ సమీకరణాలతో లెక్కిస్తారు. నీటితో పాటు బురద, వాయు బుడగలు కూడా కదులుతాయి కాబట్టి ఈ లెక్క తేలిక కాదు. అయినా గొట్టాల అమరిక మారిస్తే ప్రవాహం ఎలా ఉంటుందో కట్టడానికి ముందే అంచనా దొరుకుతుంది.

ఆ అంచనాను సరిచూడటానికి లిథియం లవణాన్ని నీటిలో కలిపి, అది ఎంతసేపటికి బయటకు వస్తుందో కొలుస్తారు. రెండూ సరిపోలితేనే సిమ్యులేషన్‌ను నమ్మాలి. ఎందుకంటే శుద్ధి చేసిన నీరు చేరేది మూసీలోకే. దిగువన రైతులు వరి, పశుగ్రాసం పండించేది ఆ నీటితోనే.