సిటీ ఎన్నికా, ప్రావిన్స్ ఎన్నికా? ముందు అది తెలుసుకోండి

ఒంటారియోలో ఎన్నికలు దగ్గర పడుతుంటే మా వాలంటీర్లను చాలామంది అడిగేది ఒకటే: "ఓటు వేయడానికి కంపెనీవాళ్లు టైమ్ ఇవ్వాలా?" సిటీ ఎన్నికైనా, ప్రావిన్స్ ఎన్నికైనా చట్టంలో ఆ హక్కు ఉంది.

మన దగ్గర అసెంబ్లీ ఎన్నికలు కేంద్ర ఎన్నికల సంఘం, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతాయి కదా. ఇక్కడ ప్రావిన్స్ ఎన్నిక ఎలక్షన్స్ ఒంటారియో చేతిలో ఉంటుంది. సిటీ ఎన్నికను మాత్రం 1996 నాటి మున్సిపల్ ఎలక్షన్స్ చట్టం ప్రకారం ఆ సిటీ క్లర్క్ నడుపుతారు. పేరు చూసి గుమస్తా అనుకోకండి, ఎన్నిక బాధ్యతంతా ఆ అధికారిదే. ఓటర్ల జాబితా మాత్రం 2024 జనవరి 1 నుంచి రెండింటికీ ఎలక్షన్స్ ఒంటారియోయే చూస్తోంది.

ప్రావిన్స్ ఎన్నిక రోజున, పోలింగ్ జరిగే సమయంలో మీకు వరుసగా మూడు గంటలు ఖాళీ ఉండాలి. లేకపోతే మీరు అడిగితే యజమాని ఇచ్చి తీరాలి, జీతం కోయకూడదు. ఉదాహరణకు పోలింగ్ ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు, మీ షిఫ్టు 10 నుంచి 7 వరకు అనుకోండి. సాయంత్రం 6కే వదిలితే మూడు గంటలు దొరుకుతాయి. ఆ టైమ్ ఎప్పుడివ్వాలో నిర్ణయించేది యజమానే, కాబట్టి ముందురోజే అడగండి.

సిటీ ఎన్నికకూ ఒంటారియో చట్టంలో ఈ హక్కు ఉంది! ఈ ఎన్నిక నాలుగేళ్లకోసారి, అక్టోబర్ నాలుగో సోమవారం వస్తుంది. 2022లో 24న జరిగింది, 2026లో 26న. సోమవారం అంటే పనిరోజే. అందుకని షిఫ్టు ఉన్నవాళ్లు ముందస్తు ఓటింగ్ తేదీలు చూసుకోండి. ఓటు ఏ పద్ధతిలో వేయాలో కూడా ఊరిని బట్టి మారుతుంది. మార్ఖమ్‌లో 2003 నుంచే ఇంటర్నెట్ ఓటింగ్ ఉంది.

బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నా ఓటు ఉంటుంది. ఓటింగ్ కేంద్రంలో మీ పేరు, అడ్రస్ ఉన్న కాగితం చూపాలి, ఫొటో అక్కర్లేదు. అద్దె అగ్రిమెంటు గానీ, కంపెనీ ఇచ్చిన పే స్లిప్ గానీ పనికొస్తుంది. పే స్లిప్ ఇవ్వని యజమానిని ఇప్పుడే అడగండి.

అయితే రెండు ఎన్నికల్లోనూ ఓటు 18 ఏళ్లు నిండిన కెనడా పౌరులకే. వర్క్ పర్మిట్, పీఆర్ వాళ్లకు పన్ను కట్టినా, ఇల్లు కొన్నా ఓటు లేదు. పీఆర్‌లకు ఇవ్వమని 2013లో టొరంటో కౌన్సిల్ ప్రావిన్స్‌ను కోరింది, చట్టం మారలేదు. జాబితాలో పొరపాటున పేరున్నా, ఎవరైనా "పర్లేదు, వేసెయ్" అన్నా వేయకండి. అది నేరం.

మరో మాట. సిటీ ఎన్నికల్లో కంపెనీలు అభ్యర్థులకు చందా ఇవ్వకూడదు. ఒంటారియోలో ఉండే వ్యక్తులు, తమ సొంత డబ్బే ఇవ్వాలి. "నీ పేరుతో చెక్కు రాయి, డబ్బు నేనిస్తా" అని మీ బాస్ అంటే ఒప్పుకోకండి.

ఓటు లేకపోయినా కౌన్సిలర్ మీకూ కౌన్సిలరే. బస్సు రాకపోయినా, అద్దె గదిలో హీటింగ్ లేకపోయినా ఆ ఆఫీసుకు ఫోన్ చేయండి. పౌరసత్వం ఉందా అని ఎవరూ అడగరు.