వార్తల్లో పదం: ఏడీసీ

ఉష్ణోగ్రత, పీడనం, గుండె చప్పుడు... సెన్సర్ వీటిని వోల్టేజీగా మారిస్తే, దాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెగా మార్చే చిప్పే అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్. బాగా వాడుకలో ఉన్న ఎస్ఏఆర్ (సక్సెసివ్ అప్రాక్సిమేషన్ రిజిస్టర్) రకం, తక్కెడలో పెద్ద రాయితో మొదలెట్టి చిన్నరాళ్లతో సరిచూసినట్టు పనిచేస్తుంది. 0-5 వోల్టుల పరిధిలో 3.2 వోల్టులు వచ్చాయనుకోండి. ముందు 2.5తో పోలుస్తుంది, ఎక్కువే, తొలి బిట్ 1. తర్వాత 3.75తో, తక్కువే, 0. ఆపై 3.125తో, మళ్లీ 1. ఇలా 12 సార్లు పోలిస్తే 12 బిట్ల సంఖ్య. అంటే 4,096 స్థాయిలు, ఒక్కోటి సుమారు 1.22 మిల్లీవోల్టులు.

బిట్లెన్నని అందరూ అడుగుతారు గానీ, సెకనుకు ఎన్ని నమూనాలన్నదీ అంతే ముఖ్యం. సంకేతంలోని గరిష్ఠ పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా వేగంగా తీయకపోతే, లేని తరంగం ఉన్నట్టు నమోదవుతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని నమ్మకంగా విడదీయలేదు. అందుకే అంతకు మించిన పౌనఃపున్యాలను ఆపే ఫిల్టర్‌ను కన్వర్టర్‌కు ముందే పెట్టాలి.