ఎండకు తెల్లబడే అద్దం – మన కప్పుకు తెల్లపూత

భద్రాచలం, కొత్తగూడెం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం మీకు కొత్త కాదు. ఎండన పడి వచ్చిన మనిషికి ఇంట్లోనైనా ఒళ్లు చల్లబడకపోతే వడదెబ్బే. అందుకే ఎండను బయటే ఆపాలి.

పట్నాల అద్దాల మేడల కోసం శాస్త్రవేత్తలు పీనిపామ్ అనే పాలిమర్‌ను పరీక్షిస్తున్నారు. నీటితో కలిపి రెండు అద్దాల నడుమ పోస్తారు. చల్లగా ఉంటే నీటిని పట్టుకుని తేటగా ఉంటుంది. సుమారు 32 డిగ్రీలు దాటితే నీటిని వదిలి, ముడుచుకుని, పాలలా తెల్లబడుతుంది. ఎండను చాలావరకు ఆపేస్తుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్లీ తేటపడదు. ఇది మాత్రం చల్లబడగానే తేటపడుతుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, ఏసీ ఖర్చూ తగ్గుతుంది.

ఇది మన ఊళ్లో దొరికే సరుకు కాదు. మనకు వేడి దిగేది కిటికీ కన్నా పైకప్పు నుంచే. అక్కడా తెలుపే మందు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే.

ఏం చేయాలంటే:

• ఎండలు ముదరకముందే స్లాబుకు, పెంకులకు వడకట్టిన సున్నంలో కాస్త బంక కలిపి రెండు పూతలు వేయండి. వానకు పోతే మరుసటి ఏడు మళ్లీ వేయాలి.

• ఇనుప రేకుల మీద సున్నం నిలవదు. తెల్ల పెయింటు వేయండి.

• సిమెంటు రేకుల మీద కాలు పెట్టకండి, విరిగి పడతారు. పాతవాటిని గీకొద్దు. ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

• సున్నం కళ్లలో పడనీయకండి.

పశువుల కొట్టాన్ని మరవకండి. నోరులేని జీవం ఉక్కపోస్తోందని చెప్పుకోలేదు.